డ్రైవరమ్మ వెనక దొరగారు

"మన దగ్గర కుంటివాటిని సాకుతాం గానీ కుంటిసాకులు ఒప్పుకోం" అంది మా అక్క. నా మొహంలోకి చూస్తూ అంది కాబట్టి ఆ మాట ఎవరికి తగలాలో వేరే చెప్పక్కర్లేదు.

నేను చెప్పింది సాకు కాదు, నడుము నొప్పి. నడుము నొప్పి నడిస్తే పోతుందనీ, నలుగురిని నడిపిస్తే ఇంకా తొందరగా పోతుందనీ మా బావ వైద్యం. ఆయన వైద్యం వల్ల ఇంతవరకూ పోయింది నా మనశ్శాంతి ఒక్కటే.

ఇరవయ్యేళ్ళ కిందట అక్కా బావా కలిసి, మూతపడిన కలప డిపో ఒకటి తీసుకుని, కళ్ళు లేని, కాళ్ళు లేని, ఎవరూ లేని జంతువులకి ఆశ్రయం పెట్టారు. పదేళ్ళ కిందట వాళ్ళని చూసిపోదామని వచ్చాను. చూశాను. పోలేదు. కళ్ళూ కాళ్ళూ ఉన్నా, పెళ్ళీ పెటాకులూ లేనివాణ్ణి కాబట్టి మూడో కోటాలో నాకూ సీటు దొరికింది. రెండు వరసల రేకుల షెడ్లు, వాటి ముందు పెద్ద మైదానం, మైదానం చివర నీళ్ళతొట్లు, గేటు పక్కన ఆఫీసు గది. గేటు మీద బోర్డు కూడా ఉంది. లోపల ఉన్నవాళ్ళలో దాన్ని చదవగలిగేది మాత్రం ముగ్గురమే.

ఇక్కడ అక్క మాటే చట్టం. ఆ చట్టంలో రెండే సెక్షన్లు. ఒకటి, పెట్టినచోట పెట్టినట్టుండాలి. గుడ్డి జంతువులకి స్థలమంతా కంఠతా వచ్చేస్తుంది. బకెట్టు జానెడు జరిగినా వాటి పాఠం తప్పుతుంది, మాకు చీవాట్లు పడతాయి. రెండు, ప్రతి జంతువునీ రోజుకి రెండుసార్లు మనిషి దగ్గరుండి షెడ్డు నుంచి మైదానానికీ, మైదానం నుంచి షెడ్డుకీ నడిపించాలి. పొద్దుటి నడకలన్నీ ఎండ ముదరకముందే అయిపోవాలి. అక్క పద్నాలుగింటిని నడిపిస్తుంది, బావ పద్నాలుగు, నేను పన్నెండు. మొత్తం నలభై. నడిపించే చెయ్యి లేకుండా అంతకు మించి ఒక్కటి కూడా చేర్చుకోకూడదని అక్క పట్టు. చేతులు చాలకపోతే తోపులాట మొదలవుతుంది, చూపు లేనిది ఒకటి బెదిరితే వరసంతా బెదురుతుంది.

నా పన్నెండులో ఒక చిన్న కిటుకుంది. అందులో రెండు నన్ను అడక్కుండానే నడిచేస్తాయి.

ఒకటి గాడిద. కుడికన్ను మీద తెల్లటి పొర, ఎడమ రెప్ప సగం వాల్చి, అర్జీలు విని తోసిపుచ్చే అధికారిలా చూస్తుంది. పేరు దొరగారు. రెండోది మేక, పేరు డ్రైవరమ్మ. మెడలో గంటతో డ్రైవరమ్మ ముందు నడుస్తుంది, దాని నడుము మీద గడ్డం ఆనించి దొరగారు వెనక నడుస్తారు. గాడిద గుడ్డిది, మేక దానికి దారి చూపిస్తుంది. ఆరేళ్ళుగా వచ్చినవాళ్ళందరికీ మేం చెప్పేది ఇదే. విన్నవాళ్ళు కళ్ళు తుడుచుకుంటారు. నేను మాత్రం ఆ కాసేపూ తొట్టి గట్టు మీద కూర్చుని టీ తాగుతాను.

సోమవారం పొద్దున ఈ సుఖానికి గండి పడింది. ఊరి చివర వడ్రంగి దగ్గర పుట్టుగుడ్డి దూడ ఒకటుంది. ఆయన శుక్రవారం కొట్టు మూసేసి వేరే ఊరు వెళ్ళిపోతున్నాడు. మేం తీసుకోకపోతే దూడ కసాయికి పోతుంది.

"శుక్రవారం దూడ వస్తోంది. పదమూడోది నువ్వు నడిపించు" అంది అక్క.

అప్పుడే నేను నడుము సంగతి ఎత్తింది, ఆవిడ సాకుల సంగతి ఎత్తింది.

"సరే. నువ్వు నడిపించకపోతే ఒకటి బయటికి వెళ్ళాలి. ఏమండీ, కళ్ళూ కాళ్ళూ సవ్యంగా ఉన్నది మన దగ్గర ఏముంది?"

బావ రిజిస్టరు తిరగేశాడు. ఆయన రిజిస్టరు చదివే తీరు వేరు. చూపుడువేలు పెట్టి ఒక్కో గీతా గోకుతూ వెళతాడు. వేలు వెళ్ళి వెళ్ళి మేక దగ్గర ఆగింది.

"డ్రైవరమ్మ ఒక్కతే."

"బడి తోటలోకి సాధువైన మేక కావాలని హెడ్ మిస్ట్రెస్ గారు అడుగుతున్నారుగా. గురువారం వచ్చి తీసుకెళ్ళమని చెప్తాను."

"అక్కా! డ్రైవరమ్మ లేకపోతే దొరగారు అడుగు తీసి అడుగు వెయ్యగలరా?" అన్నాను గుండెల మీద చెయ్యేసుకుని.

"నువ్వు వేయిస్తావు. మేక పోతుంది, దూడ వస్తుంది. పన్నెండు పన్నెండే."

"అది కాదే, ఆ రెండింటి మధ్యా ఉన్న అనుబంధం..."

"ఒరేయ్, నీ బాధ అనుబంధం గురించా, టీ గురించా?"

 దొరగారి మీద జాలితో అడ్డుపడుతున్నానా, కూర్చునే గట్టు మీద మమకారంతోనా అని నన్ను నేను నిలదీసుకున్నాను. నేనూ దొరకలేదు, జవాబూ దొరకలేదు.

ఏ జంతువునైనా బయటికి పంపేముందు రెండు రోజులు దాని జతకి దూరంగా ఉంచి చూడటం మా పద్ధతి. మంగళవారం పొద్దున డ్రైవరమ్మని పట్టుకుని ఆఫీసు గదిలో పెట్టాను. పెట్టేముందు అక్క దాని మెడలో గంట విప్పించింది.

"గంట పదవిది, మేకది కాదు. ఇప్పుడు దొరగారికి దారి చూపించేది నువ్వు. వేసుకో."

అలా ఆ గంట నా మెడలో పడింది. వేసుకున్న గంటకల్లా బావ నన్ను ఇరవై సార్లు పిలిచాడు. పని ఉండి కాదు, తిరిగినప్పుడల్లా మోగుతానని.

నేను గంట మోగించుకుంటూ దొరగారి ముందు నడిచాను. ఆయన నన్ను కిందనుంచి పైదాకా ఓసారి పరిశీలించారు. పరిశీలించినట్టు అనిపించింది అనుకోండి, గుడ్డివారు కదా. తరవాత పక్కకి తిరిగి, తనంతట తను మైదానానికి అడ్డంపడి నడవటం మొదలుపెట్టారు. గేటు బాగుచేస్తూ బావ ఓ తోపుడుబండిని దారి మధ్యలో వదిలేశాడు. నేను "దొరా! దొరా!" అని అరుస్తూ పరిగెత్తాను. దొరగారు బండి దగ్గర ఆగి, చుట్టూ తిరిగి, తిన్నగా ఆఫీసు గది కిటికీ దగ్గరికెళ్ళి నిలబడ్డారు. తోపుడుబండికి గుద్దుకున్నది నేను.

"వాసన. బండికి గ్రీజు రాశా పొద్దున" అన్నాడు బావ.

"గ్రీజు వాసన పట్టి గాడిద పక్కకి తప్పుకుందా?"

"నువ్వు పట్టలేదుగా, గుద్దుకున్నావు."

 గదిలోకి తొంగి చూశాను. డ్రైవరమ్మ కుర్చీకి తగిలింది. వెనక్కి వచ్చి చెత్తబుట్టకి తగిలింది. అక్కణ్ణుంచి బల్ల కోడుకి తగిలి, చివరికి ఓ మూల గోడకి నుదురానించి కదలకుండా నిలబడింది.

"అలిగింది" అంది అక్క.

"కోపం" అన్నాడు బావ.

కుర్చీ మేకకి తట్టుకుంది గానీ విషయం మా ముగ్గురిలో ఎవరికీ తట్టలేదు. మధ్యాహ్నం దాణా పెడితే ముట్టలేదు. నీళ్ళ గిన్నెలో కాలు పెట్టింది. సాయంత్రం నేను గిన్నెలోంచి ఒలికిన నీళ్ళు తుడుస్తున్నప్పుడు దాని కళ్ళు నా మొహానికి మూరెడు దూరంలో ఉన్నాయి. అద్దాల్లా ఉన్నాయి, ఒక మచ్చ లేదు. ఆ అద్దాల్లో నేను కనబడుతున్నాను. నాకెందుకో వాటికి నేను కనబడటం లేదనిపించింది.

"అక్కా," అన్నాను భోజనాల దగ్గర, "ఒకవేళ మేకే గుడ్డిదైతే?"

అక్క ముద్ద నోటిదాకా తెచ్చి ఆగింది. "గాడిదో?"

"గాడిదకి కనిపిస్తుందేమో."

"మరి ముందు నడిచేది మేక కదరా."

అవును. అక్కడే నాకూ బుర్ర తిరుగుతోంది. ముందు నడిచేది మేక.

బుధవారమంతా పరీక్షలు పెట్టాం. ముందు పశువుల డాక్టరుకి ఫోన్ చేశాను. ఆయన శుక్రవారం దాకా ఊళ్ళో లేడు.

"గాడిద గుడ్డిదని మీరే కదండీ కార్డులో రాశారు?" అన్నాను.

"నేను గిట్టలు చూశాను, ఇంజక్షన్లు వేశాను. కళ్ళ సంగతి మీ రిజిస్టర్లో ఉంటే చూసి రాసుకున్నాను."

"మేం మీ కార్డు చూసి నమ్మామండీ!"

"మరి మీ రిజిస్టర్లో ఎవరు రాశారు?"

ఎవరు రాశారో చేతిరాత చూస్తే తెలిసిపోతుంది. ఆ నమోదు చేసిన మొద్దుని నేనే. ఆరేళ్ళ కిందట ఒక వ్యానులో ఈ రెండింటినీ తెచ్చిన పెద్దమనిషి, "వీటిని విడదీయకండి బాబూ, ఒకదానికి కళ్ళు లేవు, రెండోది చూసుకుంటుంది" అని చెప్పి, ఏది ఏదో చెప్పకుండా వెళ్ళిపోయాడు. నేను కుడివైపు నిలబడ్డాను. గాడిద కుడికన్ను మీద తెల్లటి పొర కనిపించింది. మేక ముందు దిగింది. ముందు దిగినది దారి చూపించేదని రాసేశాను. మర్నాడే దాని మెడలో గంట కట్టాం. మా దగ్గర దారి చూపేవాళ్ళు ముందు నడుస్తారు, మోగుతూ నడుస్తారు. వేరేలా కూడా నడిపించవచ్చని మాలో ఎవరికీ ఆలోచన రాలేదు.

"రెప్పల దగ్గరికి చెయ్యి తీసుకెళ్ళి చూడండి. కనిపిస్తే రెప్ప వేస్తుంది" అని చెప్పి డాక్టరు ఫోన్ పెట్టేశాడు.

అలవాటుగా కుడివైపే నిలబడి చెయ్యి తీసుకెళ్ళాను. దొరగారు రెప్ప వెయ్యలేదు. మేక వేసింది.

"అయిపోయింది. గాడిదే గుడ్డిది" అన్నాడు బావ.

"గాలి తగిలి వేసుంటుంది. మధ్యలో కిటికీ అద్దం పెట్టి చూడు" అంది అక్క.

అద్దం పెట్టాను. ఈసారి రెండూ వెయ్యలేదు. బావ క్యారెట్టు పట్టుకుని చప్పుడు కాకుండా దొరగారి ముందు నిలబడ్డాడు. దొరగారు అలాగే ఉన్నారు. మేక దగ్గర పట్టుకుంటే తటాలున లాక్కుంది.

"చూసింది! మేకకి కళ్ళున్నాయి!" అన్నాడు బావ.

"ముక్కుంది" అంది అక్క. "ముక్కున్న దేనికైనా క్యారెట్టు తెలుస్తుంది."

"మరి గాడిదకి ముక్కు లేదా?"

 దీన్నీ అక్కే తేల్చింది. మేత గంట మోగందే ఏదీ ముట్టకూడదని ఈ ఆరేళ్ళూ దొరగారికి మేమే నేర్పాం. క్యారెట్టు కనిపించినా, వాసన తగిలినా, గంట మోగలేదు కాబట్టి ఆయన ముట్టరు. బుద్ధిమంతుడైన జంతువుకి పరీక్ష పెడితే తెలిసేది దాని బుద్ధే, చూపు కాదు.

ఆఖరి ప్రయత్నంగా బావ గొడుగు తెచ్చి దొరగారి మొహం ముందు టప్పున తెరిచాడు. దొరగారు ఎగిరారు. చప్పుడుకి అవతల గదిలో మేకా ఎగిరింది. మూడుకాళ్ళ కుక్క ముక్కాలు కూడా ఎగిరి, దిగేటప్పుడు ఏ కాలు మీద దిగాలో తేల్చుకోలేక నా మీద దిగింది. దాన్ని ముక్కాలు అన్నది నేనే. ఉన్నవి మూడు కాళ్ళు, కుక్కలో మూడొంతులు. మొరుగుడు మాత్రం నిండుగా పదహారణాలూ ఉంది.

చీకటిపడేసరికి తేలిందేమిటంటే, రెండింటికీ కళ్ళున్నాయి, రెండింటికీ కళ్ళు లేవు, మా ముగ్గురికీ మతి లేదు.

"ఇక్కడ ఆరేళ్ళుంటే కళ్ళున్నది కూడా వాటిని వాడటం మానేస్తుందండీ" అంది అక్క బావతో. "పదేళ్ళ నుంచి వీణ్ణి చూడటం లేదూ?"

గురువారం పదింటికి హెడ్ మిస్ట్రెస్ గారు వచ్చారు. చేతిలో కొత్త మెత్తటి తాడు, సంచీలో పిల్లలు రాసిచ్చిన పేర్ల జాబితా. మేకకి పెట్టడానికి నలభై ఆరు పేర్లు తెచ్చారు. ఆవిడ సంతోషం చెడగొట్టాలనిపించలేదు. అయినా అడిగాను.

"మీ తోటలోకి మెట్లున్నాయా టీచరు గారూ?"

"పదకొండు. పిల్లలకి లెక్కలొస్తాయని అంకెలు కూడా వేయించాం."

"గోడ ఉందా?"

"దేనికండీ గోడ? అటు రోడ్డూ, ఇటు చేపల కుంటా. గాలి బాగా వస్తుంది."

నేను అక్క వైపు చూశాను. అక్క ఆఫీసు గది మూల నిలబడ్డ మేక వైపు చూస్తోంది. మూడు రోజుల్లో అది ఆ మూల వదల్లేదు. దాణా పళ్ళెం నింపినది నింపినట్టే ఉంది.

"టీచరమ్మా, ఒక్క పది నిమిషాలు కూర్చుంటారా?" అంది అక్క.

తరవాత అక్క చేసిన పని చూసి బావ, గేటుకి కొట్టడానికి నోట్లో మేకులు పెట్టుకున్న సంగతి కూడా మరిచిపోయి నోరు తెరిచాడు. బకెట్టు జానెడు జరిపితే ఇల్లెగిరిపోయేలా అరిచే మనిషి, చీర చెంగు దోపి, తోపుడుబండిని లాక్కొచ్చి దారి మధ్యలో పెట్టింది. బెంచీ ఈడ్చింది. రెండు ఖాళీ తొట్లు దొర్లించింది.

"ఏమేవ్, ఒంట్లో బాగానే ఉందా?" అన్నాడు బావ మేకులు ఏరుకుంటూ.

"గంట కట్టకుండా రెండింటినీ వదలరా" అంది నాతో.

వదిలాను. దొరగారు మూడు అంగల్లో మేక దగ్గరికి వచ్చారు. మేక చెవులు కదిపింది. ఆయన దాని నడుము మీద గడ్డం ఆనించారు. ఆరేళ్ళుగా రోజూ చూసినదే. డ్రైవరమ్మ ముందు, దొరగారు వెనక, బయల్దేరాయి.

ఆ రోజు నేను గట్టు మీద కూర్చోలేదు, దగ్గరగా నడిచాను. బెంచీ ఇంకా రెండు గజాలుందనగా దొరగారి గడ్డం మేక నడుము మీద ఎడమకి జరిగి కొంచెం నొక్కింది. మేక కుడికి తిరిగింది. బెంచీ దాటగానే గడ్డం మధ్యకి వచ్చింది, మేక తిన్నగా నడిచింది. తోపుడుబండి దగ్గర గడ్డం కుడికి జరిగింది, మేక ఎడమకి తిరిగింది. రెండు తొట్ల మధ్య సందు ఇరుకు. అక్కడ దొరగారు మేక తోక వెంట్రుకల్ని పళ్ళతో సుతారంగా పట్టుకుని ఆపారు. తలెత్తి సందు చూశారు. ఎడమకన్నుతో చూడాలని మెడ మొత్తం తిప్పి మరీ చూశారు. తోక వదిలి, గడ్డంతో నిదానంగా తోశారు. మేక ఒక్క పక్కా తగలకుండా సందులోంచి నడిచి వెళ్ళింది.

నేను ఇన్నాళ్ళూ ఆనుకోవడం అనుకున్నది అదన్నమాట. జనం జాలిపడిన ఆ గుడ్డి గాడిద ఆరేళ్ళుగా మేకని వెనకేసుకొస్తోంది, అదీ అక్షరాలా వెనకనుంచి. ముందుచూపు వెనకాల పెట్టుకుని నడిచే జంటని చూడటం నాకదే మొదలు.

అక్క ఇంకా నమ్మలేదు. దొరగారి మెడపట్టీ పట్టుకుని ఆపింది. మేక ఒక్కతే నాలుగడుగులు వేసి, నీళ్ళతొట్టి గట్టుకి నిండుగా గుద్దుకుని, అక్కడే నిలబడిపోయింది. నేను టీ తాగే గట్టు అది. దొరగారు ఓండ్రపెట్టారు. ఆయన ఓండ్ర మాకు కొత్తేం కాదు. ఎవరి కోసం పెడుతున్నారో తెలిసి వినడం మాత్రం కొత్త.

"అయ్యో, ఈ మేకకి కళ్ళు కనిపించవా?" అన్నారు హెడ్ మిస్ట్రెస్ గారు లేచి.

"నాకే కనిపించలేదు టీచరమ్మా" అంది అక్క.

ఆవిడ తాడు చుట్టి సంచీలో పెట్టుకున్నారు. బావ ఉండబట్టలేక, "పోనీ గాడిదని తీసుకెళతారా?" అని అడిగాడు.

"వద్దండీ బాబూ. మా బడిలో ఆ మాట వాడటం మాన్పించడానికే మూడేళ్ళు పట్టింది."

ఆవిడ్ని గేటు దాకా సాగనంపి వచ్చేసరికి అక్క రిజిస్టరు తెరిచి కలం నా చేతికిచ్చింది. "నువ్వు రాసింది నువ్వే దిద్దు."

దిద్దాను. మేక: రెండు కళ్ళూ లేవు. గాడిద: చూపు ఉంది. రాశాక తెలిసింది, ఏం రాశానో. కళ్ళూ కాళ్ళూ సవ్యంగా ఉన్న గడిలోంచి మేకని బయటికి తీసి, అందులోకి దొరగారిని నెట్టాను. బావకి అన్నీ ఆలస్యంగా తడతాయి, ఇది మాత్రం వెంటనే తట్టింది.

"అయితే వెళ్ళాల్సింది గాడిద. బుట్టలు మొయ్యడానికి కూరగాయల తోట ఆయన అడుగుతూనే ఉన్నాడు. మంచోడు. కొట్టడు."

అక్క ఫోన్ చేతిలోకి తీసుకుంది. తెల్లారితే దూడ. మేక మళ్ళీ ఆ మూల నిలబడటం నాకు కళ్ళకి కట్టినట్టు కనిపించింది. కట్టినా విప్పినా అదే కనిపించింది.

"దూడని నేను నడిపిస్తాను" అన్నాను.

ఆ మాట నాలోంచి వచ్చిందో, వెనకనించి ఎవరైనా తోస్తే వచ్చిందో నాకిప్పటికీ తెలియదు. తిరిగి చూశాను. వెనక బీరువా తప్ప ఎవరూ లేరు.

"నీ నడుము?" అంది అక్క.

"ఉంటే ఉంటుంది."

"గాడిద మీద ప్రేమా, మేక మీద జాలా?"

"నన్నడక్కు. సోమవారం నుంచి నాకేం అర్థమవడం లేదు."

"అంటే నలభై ఒకటా మొత్తం?" అన్నాడు బావ, వేలితో గీత గోకుతూ.

అక్క ఫోన్ బల్ల మీద పెట్టింది. నావైపు చాలాసేపు చూసింది. పదేళ్ళలో నన్ను తిట్టకుండా అంతసేపు చూడటం అదే మొదలు. నాకు భయమేసింది.

"పొద్దున అయిదింటికి లేవాలి" అంది.

"అయిదా? ఆరున్నర కదా?"

"ఆరున్నర నీ పాత లెక్కకి. నిజంగా నడిపించేవాళ్ళు అయిదింటికే లేస్తారు."

శుక్రవారం దూడ వచ్చింది. ఎర్రటి దూడ, ఒంటికి మించిన చెవులు. బొచ్చు నిండా రంపపు పొట్టు. పక్షుల కూత విన్నప్పుడల్లా కాళ్ళు నాలుగూ నాలుగు దిక్కులకి పెడుతోంది. దాని వెనకే డాక్టరు జీపు వచ్చింది. ఆయన టార్చి వేసి చూసి, మేకకి రెండు కళ్ళూ పోయి చాలా ఏళ్ళయిందనీ, గాడిదకి కుడివైపు పొర తప్ప ఎడమ కన్ను భేషుగ్గా ఉందనీ చెప్పాడు. అదే చేత్తో తన కార్డు కూడా దిద్దుకున్నాడు. ఈసారి మా రిజిస్టరు అడగలేదు.

నేను దూడ తాడు పట్టుకుని ముందు నడిచాను. అది నేలలో గిట్టలు పాతేసింది. దొరగారి విద్య చూసిన గర్వంతో వెనక్కి వెళ్ళి తోశాను. మోకాలు మీద తన్నింది.

"పక్కన నడవరా!" అని అరిచింది అక్క షెడ్డులోంచి.

"ఏ పక్క?"

"నాకేం తెలుసు? దూడ నీది!"

ఎడమ పక్కకి వెళితే అది కుడికి తిరిగింది. కుడికి వెళితే నా కాలు తొక్కి, కాలు మీద నుంచి దిగడం మరిచిపోయింది. ఏం చెయ్యాలో తోచక దాని మెడ మీద చెయ్యేసి ఊరికే నిలబడ్డాను. అది వణుకుతోంది. చాలాసేపు అలాగే ఉన్నాం. నాకూ ఒక్క ఆలోచన రాలేదు, దానికీ వచ్చినట్టు లేదు. తరవాత అదే కదిలింది. మైదానం వైపు కాదు, షెడ్డు వైపూ కాదు. గేటు వైపు. ఆపితే మళ్ళీ గిట్టలు పాతుతుందని భయపడి నేనూ పక్కనే నడిచాను. నేరుగా డాక్టరు జీపు దగ్గరికి వెళ్ళి, వేడిగా ఉన్న ఇంజను రేకుకి నుదురు ఆనించింది. వణుకు తగ్గింది.

డాక్టరు సంచీ సర్దుకుని బయల్దేరడానికి వచ్చాడు.

"కొంచెం పక్కకి లాగండి, నేను వెళ్ళాలి."

"కాసేపు ఆగండి డాక్టరు గారూ, ఎటు వెళ్ళాలో ఇంకా తేల్చుకోలేదు."

"దూడా?"

"ఇద్దరమూ" అన్నాను, చెయ్యి దాని మెడ మీద నుంచి తియ్యకుండా.